చక్రాలు తగిలినా చోటు వదిలాడు.. జిల్ విల్నెవ్ జీవితం చెప్పే ఓవర్‌టేక్ పాఠం

1979 జులై 1. ఫ్రాన్స్‌లోని డిజోన్ సర్క్యూట్. ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి అయిపోవడానికి ఇంకా మూడు ల్యాపులే ఉన్నాయి. మొదటి స్థానం దాదాపు ఖరారైపోయింది. రెనో కారులో జాన్ పియర్ జబూయ్ అందనంత ముందున్నాడు. అయినా టీవీ కెమెరాలు అతని వైపు తిరగడం లేదు. రెండో స్థానం కోసం కొట్టుకుంటున్న రెండు కార్లనే చూపిస్తున్నాయి. ఒకటి ఎర్రటి ఫెరారీ, ఇంకోటి పసుపు రెనో.

పక్కపక్కనే వెళ్తున్నారు. చక్రానికి చక్రం తగులుతోంది. ఒకసారి ఒకరు ట్రాక్ అంచుకు జారితే, ఇంకోసారి ఇంకొకరు. ఈ క్షణం వెనకబడ్డవాడు మరుక్షణం ముందుకొస్తున్నాడు. చివరికి 0.24 సెకన్ల తేడాతో ఫెరారీ ముందుగా గీత దాటింది. ఆ కారులో ఉన్నది కెనడా కుర్రాడు జిల్ విల్నెవ్. రెనోలో ఉన్నది ఫ్రాన్స్‌కి చెందిన రెనే ఆర్నూ. కారు దిగాక ఇద్దరి ముఖాల్లోనూ కోపం లేదు. నవ్వుకుంటూ కనిపించారు.

ఆ వీడియో ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. మీరూ ఎప్పుడో ఒకసారి చూసే ఉంటారు. చూసిన ప్రతి ఒక్కరికీ వచ్చే డౌట్ ఒక్కటే. అంత దగ్గరగా, అంత స్పీడ్‌లో కొట్టుకున్న ఇద్దరు ఎలా బతికి బయటపడ్డారు?

సమాధానం విల్నెవ్ జీవితంలోనే దొరుకుతుంది. ఎందుకంటే మూడేళ్లు తిరక్కుండానే ఇంకో ట్రాక్‌పై అతను ప్రాణం పోగొట్టుకున్నాడు. అక్కడ ఎవరూ ఎవరితోనూ పోట్లాడట్లేదు. ముందున్నవాడు సైడ్ ఇద్దామనుకున్నాడు, వెనకున్నవాడు దాటుదామనుకున్నాడు. అంతే.

పియానో సరిచేసే ఇంట్లో పుట్టాడు

విల్నెవ్ 1950 జనవరి 18న కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో పుట్టాడు. పెరిగింది బెర్తియర్‌విల్ అనే చిన్న ఊళ్లో. తండ్రి పియానోలు శ్రుతి చేసే పని చేసేవాడు. జిల్‌కి కూడా సంగీతం వచ్చు. ట్రంపెట్ వాయించేవాడు. అయితే చెవికి ఇంపైన రాగం కంటే ఇంజిన్ చప్పుడే అతనికి ఎక్కువ నచ్చింది.

క్యూబెక్‌లో చలికాలం అంటే నెలల తరబడి మంచు. అక్కడ కుర్రాళ్లకు రేసింగ్ అంటే ముందుగా గుర్తొచ్చేది స్నోమొబైల్, అంటే మంచుపై నడిచే బండి. విల్నెవ్ మొదలెట్టింది కూడా దాంతోనే. ముందు వెళ్లే బండి మంచుపొడిని వెనక్కి ఎగజిమ్ముతుంది. వెనకున్నవాడికి ఎదురుగా తెల్లటి తెర తప్ప ఏమీ కనిపించదు. అయినా వేగం తగ్గించకూడదు. ముందువాడు ఎక్కడున్నాడో, ఎటు తిరుగుతాడో అంచనా వేసుకుంటూ దాటాలి. కారు జారినప్పుడు అదుపు తప్పకుండా చూసుకోవడం అక్కడే నేర్చుకున్నానని అతను తర్వాత రోజుల్లో చెప్పుకునేవాడు. 1974లో అమెరికాలోని ఈగిల్ రివర్‌లో స్నోమొబైల్ ప్రపంచ టైటిల్ కూడా గెలిచాడు.

1970లోనే జోన్‌తో పెళ్లయింది. 1971లో కొడుకు జాక్, 1973లో కూతురు మెలనీ పుట్టారు. చేతిలో డబ్బు నిలిచేది కాదు. వచ్చిందంతా రేసులకే పోయేది. రేసుల సీజన్‌లో భార్యాబిడ్డలతో కలిసి ఇల్లులాంటి బండిలో ఊరూరా తిరిగేవాడు.

1976లో దశ తిరిగింది. ఫార్ములా అట్లాంటిక్ అనే పోటీల్లో అమెరికా టైటిల్, కెనడా టైటిల్ రెండూ గెలిచాడు. అదే ఏడాది క్యూబెక్‌లోని త్రవా రివియేర్ వీధుల్లో జరిగిన రేసుకు అప్పటి ఎఫ్1 స్టార్ జేమ్స్ హంట్ అతిథిగా వచ్చాడు. ఎవరికీ తెలియని ఈ లోకల్ కుర్రాడు హంట్‌తో సహా అందరినీ ఓడించాడు. హంట్ తిరిగి వెళ్లి తన మెక్‌లారెన్ టీమ్ వాళ్లకు ఈ కుర్రాడి సంగతి చెప్పాడు.

అలా 1977 జులైలో సిల్వర్‌స్టోన్‌లో బ్రిటిష్ గ్రాండ్ ప్రితో ఎఫ్1లోకి అడుగుపెట్టాడు. ప్రాక్టీస్‌లో కారు ఎన్నిసార్లు గిర్రున తిరిగిందో లెక్కే లేదు. చూసినవాళ్లు వీడికి కారు నడపడం రాదేమో అనుకున్నారు. అసలు విషయం వేరు. కారు ఎంత వేగానికి పట్టు తప్పుతుందో తెలుసుకోవాలంటే ఆ హద్దు దాటి చూడాలన్నది అతని లెక్క. తొమ్మిదో స్థానం నుంచి మొదలెట్టి 11వ స్థానంలో ముగించాడు. మధ్యలో ఒక మీటర్ తప్పు చూపించడంతో పిట్‌లోకి రావాల్సి వచ్చింది, లేదంటే ఇంకా పైనే ఉండేవాడు.

మెక్‌లారెన్ మాత్రం అతన్ని ఉంచుకోలేదు. అదే టైమ్‌లో ఫెరారీలో నికీ లౌడా టీమ్ వదిలి వెళ్లిపోయాడు. ముసలాయన ఎంజో ఫెరారీకి ఈ పొట్టి కెనడా కుర్రాడిని చూడగానే పాతకాలం ఇటాలియన్ వీరుడు టాజియో నువొలారి గుర్తొచ్చాడట. ఇంకేముంది, ఎర్ర కారు అతని చేతికొచ్చింది.

మొదట్లోనే రెండు దెబ్బలు

ఇక్కడే కథలో చేదు భాగం. విల్నెవ్‌ని దేవుడిలా చెప్పేవాళ్లు దీన్ని దాటేస్తుంటారు. కానీ ఓవర్‌టేక్ గురించి మాట్లాడుతూ దీన్ని వదిలేస్తే అన్యాయమే.

1977 అక్టోబర్ 23. జపాన్‌లోని ఫుజి సర్క్యూట్. ఫెరారీలో అతనికి అది రెండో రేసు. మెయిన్ స్ట్రెయిట్ చివర రానీ పీటర్సన్ నడుపుతున్న ఆరు చక్రాల టైరెల్ కారును దాటబోయాడు. బ్రేకుల దగ్గర లెక్క తప్పింది. ఫెరారీ ముందు చక్రం టైరెల్ వెనక చక్రాన్ని ఎక్కింది. కారు గాల్లోకి లేచి, పల్టీలు కొడుతూ ట్రాక్ బయట పడింది. జనం నిలబడకూడని చోట కొందరు నిలబడి ఉన్నారు. ఇద్దరు చనిపోయారు. చాలామంది గాయపడ్డారు. విల్నెవ్ మాత్రం నడుచుకుంటూ వచ్చేశాడు.

ఎఫ్1 కార్ల చక్రాలపై ఏ కప్పూ ఉండదు. రెండు కార్లు ఒకే వేగంతో పక్కపక్కన వెళ్తూ టైరు పక్కకు టైరు పక్క తగిలితే, చాలాసార్లు రెండూ చెరోవైపు ఎగిరిపడి మళ్లీ దారిలోకొస్తాయి. అదే వెనక నుంచి వచ్చే కారు ముందు చక్రం, ముందు కారు వెనక చక్రాన్ని తగిలితే కథ మారిపోతుంది. తిరుగుతున్న చక్రం రెండో చక్రాన్ని పట్టుకుని పైకి ఎక్కేస్తుంది. కారు విమానంలా లేస్తుంది. డిజోన్‌కీ, ఫుజికీ తేడా ఇదే.

రెండో దెబ్బ 1978లో అమెరికాలోని లాంగ్ బీచ్‌లో. రేసు దాదాపు సగం వరకు విల్నెవ్‌దే లీడ్. గెలిస్తే జీవితంలో మొదటి ఎఫ్1 విజయం. ఒక ల్యాప్ వెనకబడ్డ క్లే రెగజోని ముందు కనిపించాడు. లీడ్‌లో ఉన్నవాడికి వెనకబడ్డవాడు దారి ఇవ్వాలన్నది రేసింగ్ మర్యాద. కానీ ఆ దారి ఎక్కడ దొరుకుతుందో ఓపికగా చూసుకోవాల్సింది దాటేవాడే. విల్నెవ్ ఆగలేదు. రెగజోని కారుకు తగిలాడు. రేసు అక్కడితో ఖతం.

అయితే అదే ఏడాది అక్టోబర్ 8న సొంతగడ్డపై, మాంట్రియల్‌లోని కొత్త సర్క్యూట్‌లో, చలికి వణుకుతూ నిలబడ్డ సొంత జనం ముందు తొలి గెలుపు దక్కింది. ముందున్న జారియే కారు మొరాయించడం కలిసొచ్చింది.

గెలవగలిగీ వెనకే ఉన్నాడు

1979లో ఫెరారీలో అతనికి తోడుగా జోడీ షెక్టర్ వచ్చాడు. ఇద్దరూ మంచి స్నేహితులయ్యారు. ఆ ఏడాది ఇద్దరూ చెరో మూడు రేసులు గెలిచారు. ఎవరు గొప్పో తేలని పరిస్థితి.

సెప్టెంబర్ 9న ఇటలీలోని మోంజాలో లెక్క తేలిపోయే రేసు వచ్చింది. షెక్టర్ గెలిస్తే ప్రపంచ చాంపియన్. విల్నెవ్ అతని వెనకే ఉన్నాడు. ముందు అనుకున్న ప్రకారం షెక్టర్‌ని దాటకూడదు. ల్యాపుల తరబడి ఎర్ర కారు వెనక ఎర్ర కారు. దాటి గెలిస్తే టైటిల్ పోటీలో తానూ నిలిచేవాడే. అయినా మాట తప్పలేదు. అర సెకను కూడా లేని తేడాతో రెండో స్థానంలో ముగించాడు. ఏడాది చివరికి షెక్టర్‌కి 51 పాయింట్లు, విల్నెవ్‌కి 47.

టైటిల్ ఇంకోసారి గెలవచ్చు అనుకున్నాడు. ఆ ఇంకోసారి ఎప్పటికీ రాలేదు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి. ఇమోలా దగ్గరకొచ్చేసరికి దీనితో పని పడుతుంది.

డిజోన్‌లో అసలేం జరిగింది?

ఇప్పుడు మళ్లీ డిజోన్‌కి వద్దాం. రేసు మొదట్లో లీడ్ విల్నెవ్‌దే. కానీ ముందు నుంచీ గట్టిగా నడపడంతో టైర్లు అరిగిపోయాయి. రెనోది టర్బో ఇంజిన్, స్ట్రెయిట్‌లో దూసుకుపోతుంది. సగం దాటాక జబూయ్ దాటేశాడు. టర్బో కారు ఎఫ్1లో గెలిచిన మొదటి రేసు అదే అయింది. చివరికొచ్చేసరికి ఆర్నూ కూడా వెనక తగిలాడు. అయితే ఆర్నూ ఇంజిన్‌కి ఇంధనం సరిగా అందడం లేదు. అంటే ఒకరికి టైర్ల సమస్య, ఇంకొకరికి ఇంజిన్ సమస్య. బలాబలాలు సమానమైపోయాయి.

80 ల్యాపుల రేసులో 78వ ల్యాప్‌లో ఆర్నూ దాటాడు. అందరూ ఇక అయిపోయిందనుకున్నారు. మరుసటి ల్యాప్‌లో మొదటి మలుపు దగ్గర విల్నెవ్ లోపలి వైపు నుంచి దూరాడు. బ్రేకులు పట్టేసి టైర్ల నుంచి పొగ వచ్చింది. అయినా కారు మలుపు తిరిగింది. చివరి ల్యాప్ మొత్తం పక్కపక్కనే. పలుమార్లు తగులుకున్నారు.

ఆ వీడియో మళ్లీ చూస్తే ఈసారి ఒక్క విషయం గమనించండి. లోపలి వైపు ఉన్నవాడు బయటివాడిని పూర్తిగా గోడవైపు తోసెయ్యడం లేదు. బయట ఉన్నవాడు తలుపు మూసినట్టు ఒక్కసారిగా లోపలికి కట్ కొట్టడం లేదు. ఒకరు అంచుకు జారితే, ఇంకొకరు అతను మళ్లీ ట్రాక్‌పైకి రావడానికి కారు పట్టేంత చోటు ఉంచుతున్నారు. స్ట్రెయిట్‌లో పాములా అటూ ఇటూ మెలికలు తిరగడం లేదు. పట్టు వదలరు, కానీ దారి మూసెయ్యరు. పక్కవాడు మరుక్షణం ఏం చేస్తాడో ఇద్దరికీ తెలుసు. పక్కవాడు తనని చంపేంత పని చెయ్యడన్న నమ్మకం ఇద్దరికీ ఉంది. ఇదే మాట ఇద్దరూ తర్వాత ఏళ్లలో వేర్వేరుగా చెప్పుకొచ్చారు.

అందరికీ ఇది నచ్చిందా అంటే, లేదు. తర్వాతి రేసు సిల్వర్‌స్టోన్‌లో కొందరు సీనియర్ డ్రైవర్లు ఇద్దరినీ పిలిచి మందలించారు. కుర్రాళ్లు దీన్ని చూసి నేర్చుకుంటే శవాలు లేస్తాయన్నది వాళ్ల భయం. ఏటా ఎవరో ఒక డ్రైవర్ చనిపోతున్న కాలం అది. వాళ్ల భయంలో తప్పు లేదు. ఫుజి జరిగి రెండేళ్లు కూడా కాలేదు.

అదే ఏడాది ఆగస్టులో హాలండ్‌లోని జాండ్‌వోర్ట్‌లో వాళ్లకు ఇంకో కారణం దొరికింది. టైరు పేలిపోయిన ఫెరారీని విల్నెవ్ మూడు చక్రాలపై ఈడ్చుకుంటూ పిట్ దాకా తెచ్చాడు. స్టాండ్లలో చప్పట్లు మోగాయి. కానీ విరిగిన కారుతో ట్రాక్‌పై ఉంటే వెనక వచ్చేవాళ్లకు ప్రమాదం. తన పట్టుదల ఇతరుల ప్రాణాల మీదకు తేకూడదన్నది కూడా మర్యాదలో భాగమే. ఆ రోజు విల్నెవ్ అది మరిచిపోయాడు.

హరామాలో 66 ల్యాపుల గోడ

దాటడం ఒక విద్య. దాటనివ్వకపోవడం ఇంకో విద్య. రెండోది నేర్చుకోవాలంటే 1981 జూన్ 21న స్పెయిన్‌లోని హరామా రేసు చూడాలి.

ఆ ఏడాది ఫెరారీ కొత్త టర్బో కారుకు ఇంజిన్ బలం ఉంది కానీ మలుపుల్లో లారీలా ఉండేది. మూడు వారాల ముందే అలాంటి కారుతోనే మొనాకో ఇరుకు సందుల్లో విల్నెవ్ గెలిచి అందర్నీ నోరెళ్లబెట్టేలా చేశాడు. హరామాలో ఏడో స్థానం నుంచి మొదలెట్టి, స్టార్ట్‌లోనే నలుగురిని దాటేశాడు. కాసేపట్లో రెండో స్థానం. 14వ ల్యాప్‌లో ముందున్న అలన్ జోన్స్ తనంతట తానే ట్రాక్ బయటికి పోయాడు. లీడ్ విల్నెవ్ చేతికొచ్చింది.

అక్కడి నుంచి అసలు పరీక్ష. వెనకున్న కార్లన్నీ మలుపుల్లో ఫెరారీ కంటే వేగం. జాక్ లఫీట్, జాన్ వాట్సన్, కార్లోస్ రాయ్టమన్, ఎలియో డి ఏంజెలిస్. నలుగురూ తోకలా తగులుకున్నారు. 80 ల్యాపుల రేసు, మండే ఎండ, గంటన్నరకు పైగా ఒక్క తప్పు కూడా చెయ్యకూడదు.

విల్నెవ్ ఏం చేశాడు? దాటడానికి వీలున్న మలుపులు అక్కడ కొన్నే. ఆ మలుపులకు ముందే, అంటే వెనకవాడు పక్కకు రాకముందే, తన కారును దాటేందుకు వీల్లేని చోట పెట్టుకున్నాడు. మలుపు నుంచి బయటపడగానే టర్బో బలంతో స్ట్రెయిట్‌లో కాస్త గ్యాప్ తెచ్చుకున్నాడు. ప్రతి ల్యాప్‌లోనూ అదే పని. బ్రేకులు వేస్తూ దారి మార్చడం లేదు. పక్కకు వచ్చినవాడిని నెట్టెయ్యడం లేదు. వెనకవాళ్లను భయపెట్టి ఆపలేదు, తప్పు చెయ్యకుండా ఆపాడు.

చివరికి గీత దాటేసరికి మొదటివాడికీ ఐదోవాడికీ తేడా 1.24 సెకన్లు. ఐదు కార్లూ చెక్కుచెదరకుండా ఫినిష్ అయ్యాయి. విల్నెవ్ కెరీర్‌లో అది ఆరో గెలుపు. అదే ఆఖరిది కూడా.

ఇమోలాలో నమ్మకం విరిగింది

1982 ఏప్రిల్ 25. ఇటలీలోని ఇమోలాలో శాన్ మరీనో గ్రాండ్ ప్రి. టీమ్‌ల మధ్య గొడవల వల్ల చాలామంది రాలేదు. 14 కార్లే బరిలోకి దిగాయి. పోటీగా ఉన్న రెనోలు రెండూ ఆగిపోయాయి. ఇక ముందున్నవి రెండూ ఫెరారీలే. లీడ్‌లో విల్నెవ్, వెనక అతని టీమ్‌మేట్ డిడియే పిరోని.

వేగం తగ్గించమని పిట్ నుంచి బోర్డు చూపించారు. ఎవరు ఎక్కడ ఉంటే అక్కడే ఉండి ఫినిష్ చెయ్యాలని విల్నెవ్ అర్థం చేసుకున్నాడు. మోంజాలో తాను పాటించిన పద్ధతి అదే కదా. ఇంధనం మిగలాలని వేగం తగ్గించాడు. పిరోని దాటాడు. ఇదంతా చూసేవాళ్ల సరదా కోసమేమో అనుకుని విల్నెవ్ మళ్లీ దాటి, మళ్లీ నెమ్మదించాడు. ఇలా ఇద్దరి మధ్య స్థానాలు మారుతూ వచ్చాయి. చివరి ల్యాప్‌లో విల్నెవ్ ముందున్నాడు. ఇక దాటరనుకుని లోపలి వైపు కాపు కాసుకోలేదు. తోసా మలుపు దగ్గర పిరోని లోపలి నుంచి దూరి గెలిచేశాడు. తేడా 0.366 సెకన్లు.

పోడియంపై విల్నెవ్ ముఖం చూస్తే చాలు, ఏం జరిగిందో తెలిసిపోతుంది. ఇక జీవితంలో పిరోనితో మాట్లాడనన్నాడు. పిరోని వాదన వేరు. దాటొద్దని ఎవరూ చెప్పలేదని, బోర్డు అర్థం జాగ్రత్తగా నడపమనే తప్ప పోటీ ఆపమని కాదని అతను చివరిదాకా చెప్పాడు. ఈ పంచాయితీ ఇవాళ్టికీ తెగలేదు.

ఒకటి మాత్రం నిజం. రూల్ బుక్ ప్రకారం పిరోని చేసిన ఓవర్‌టేక్‌లో తప్పేం లేదు. చక్రం తగల్లేదు, ఎవరినీ నెట్టలేదు. డిజోన్‌లో కార్లు తగులుకున్నా ఇద్దరి స్నేహం చెడలేదు. ఇమోలాలో కార్లు తగలకపోయినా స్నేహం ముక్కలైంది.

జోల్డర్‌లో ఒకేసారి ఇద్దరూ కుడివైపుకే

13 రోజులు గడిచాయి. 1982 మే 8, శనివారం. బెల్జియంలోని జోల్డర్. క్వాలిఫయింగ్ ముగియడానికి ఇంకా ఎనిమిది నిమిషాలే ఉన్నాయి. పిరోని టైమ్ తన కంటే పదో వంతు సెకను మెరుగ్గా ఉంది. అది విల్నెవ్‌కి మింగుడు పడటం లేదు.

అప్పట్లో ఒక్కో సెషన్‌కు రెండు సెట్ల క్వాలిఫయింగ్ టైర్లే ఇచ్చేవాళ్లు. ఆ టైర్ల పట్టు ఒక్క ల్యాప్‌కే ఉంటుంది. ఆ ల్యాప్‌లో ముందు ఎవరైనా నెమ్మదిగా కనిపిస్తే ఆగడానికి లేదు. వేగంగా వచ్చేవాళ్లు, నెమ్మదిగా వెళ్లేవాళ్లు అదే ట్రాక్‌పై ఒకేసారి తిరుగుతుంటారు.

మన హైవేల మీద బండి నడిపిన ప్రతివాళ్లకూ ఒక అనుభవం ఉంటుంది. ముందు వెళ్లే లారీ కుడి ఇండికేటర్ వేస్తుంది. దాటిపో అంటున్నాడా, లేక తనే కుడివైపు తిరుగుతున్నాడా? క్షణంలో తేల్చుకోవాలి. తప్పుగా తేల్చుకుంటే అంతే. జోల్డర్‌లో జరిగింది అలాంటిదే. కాకపోతే అక్కడ వేగం గంటకు 200 కిలోమీటర్ల పైన.

ముందు మార్చ్ కారులో జర్మనీకి చెందిన యోఖెన్ మాస్ నెమ్మదిగా వెళ్తున్నాడు. అద్దంలో ఫెరారీని చూశాడు. రేసింగ్ లైన్ వదిలి కుడివైపు జరిగితే విల్నెవ్ ఎడమ నుంచి దూసుకుపోతాడనుకున్నాడు. మాస్ లైన్‌లోనే ఉంటాడనుకున్న విల్నెవ్, కుడివైపు నుంచి దాటుదామని అదే క్షణంలో కుడికి తిప్పాడు. మళ్లీ ఫుజిలో లాగే ముందు చక్రం వెనక చక్రాన్ని ఎక్కింది. ఫెరారీ గాల్లోకి లేచి ముక్కలైంది. సీటుతో సహా విల్నెవ్ బయటికి విసిరేసినట్టు పడ్డాడు. మెడ విరిగింది. దగ్గర్లోని లూవెన్ ఆస్పత్రికి తరలించారు. ఆ రాత్రి 9 గంటలు దాటాక ప్రాణం పోయింది. వయసు 32.

మాస్ తప్పు చేశాడని ఎవరూ తేల్చలేదు. అతను చేసింది మర్యాదే. విల్నెవ్ చేసింది కూడా ప్రతి డ్రైవర్ చేసేదే. కానీ ఆ ఒక్క క్షణం ఎదుటివాడి మనసులో ఏముందో ఇద్దరికీ తెలియలేదు.

అతను పోయాక..

ఫెరారీ ఆ రేసు నుంచి తప్పుకుంది. బెర్తియర్‌విల్‌లో అంత్యక్రియలకు కెనడా ప్రధాని పియర్ ట్రూడో కూడా వచ్చారు. తొలి గెలుపు ఇచ్చిన మాంట్రియల్ సర్క్యూట్‌కి అదే ఏడాది అతని పేరు పెట్టారు. మొత్తం 67 రేసులు, ఆరు గెలుపులు. ఒక్క టైటిల్ లేదు. అయినా చాంపియన్లను మరిచిపోయినవాళ్లు కూడా అతన్ని మరిచిపోలేదు.

పిరోనిని కూడా విధి వదల్లేదు. అదే ఏడాది ఆగస్టులో టైటిల్ లిస్టులో ముందుండగా, జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో వాన నీటి తుంపర మధ్య ముందున్న డెరెక్ డాలీ కారు పక్కకు జరిగింది. తనకు సైడ్ ఇస్తున్నాడనుకుని పిరోని దూసుకెళ్లాడు. నిజానికి డాలీ జరిగింది తన ముందున్న అలెన్ ప్రాస్ట్‌ని దాటడానికి. తుంపరలో కనపడని ప్రాస్ట్ కారు వెనక చక్రాన్ని పిరోని ఢీకొట్టాడు. కాళ్లు నుజ్జయ్యాయి. మళ్లీ ఎఫ్1 రేసు నడపలేదు. 1987లో ఇంగ్లండ్ దగ్గర సముద్రంలో పవర్‌బోట్ రేసులో చనిపోయాడు.

జిల్ పోయినప్పుడు కొడుకు జాక్ వయసు 11. పెరిగి తనూ రేసర్ అయ్యాడు. 1997 అక్టోబర్ 26న స్పెయిన్‌లోని హెరెజ్‌లో టైటిల్ తేల్చే రేసు. జాక్ ముందున్నది ఫెరారీలో మైకేల్ షూమాకర్. జాక్ లోపలి వైపు నుంచి దూరగానే షూమాకర్ స్టీరింగ్ అతని మీదకు తిప్పాడు. కానీ ఇసుకలో ఇరుక్కున్నది షూమాకర్ కారే. జాక్ మూడో స్థానంలో ముగించి, తండ్రికి దక్కని టైటిల్ గెలిచాడు. షూమాకర్ ఆ ఏడాది సాధించిన స్థానాన్నే చాంపియన్‌షిప్ పట్టిక నుంచి తీసేశారు.

ఇప్పుడు ఇవన్నీ రూల్స్‌గా రాసి ఉన్నాయి. స్థానం కాపాడుకోవడానికి స్ట్రెయిట్‌లో ఒక్కసారే దారి మార్చాలి. మళ్లీ రేసింగ్ లైన్‌లోకి వస్తుంటే ట్రాక్ అంచు వైపు కనీసం ఒక కారు పట్టేంత చోటు వదలాలి. బ్రేకులు వేస్తూ అడ్డం రాకూడదు. నీలి జెండా చూపిస్తే వెనకబడ్డవాడు దారి ఇవ్వాలి. తప్పితే పెనాల్టీ. చదివితే నాలుగు వేర్వేరు రూల్స్‌లా ఉంటాయి. కానీ అన్నిటి సారం ఒక్కటే. నువ్వు ఏం చెయ్యబోతున్నావో పక్కవాడికి ముందే తెలియాలి.

ఇలాంటి డిఫెన్స్ మన దగ్గరా కళ్లారా చూశాం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసు చివరి ల్యాపుల్లో జాన్ ఎరిక్ వెర్న్ కారులో బ్యాటరీ తక్కువగా ఉంది. వెనక నిక్ క్యాసిడీ కారులో ఎక్కువ ఉంది. అయినా వెర్న్ సరైన చోట కారు పెట్టుకుంటూ, అర సెకను కూడా లేని తేడాతో గెలిచాడు. హరామాను గుర్తుచేసిన గెలుపు అది.

చివరగా ఒక్క మాట. పిరోని చనిపోయాక కొన్ని నెలలకు అతని భాగస్వామికి కవల మగపిల్లలు పుట్టారు. ఒకరికి తండ్రి పేరు డిడియే అని పెట్టింది. రెండోవాడికి జిల్ అని పెట్టింది. ఆ జిల్ పిరోని పెరిగి మెర్సిడెస్ ఎఫ్1 టీమ్‌లో ఇంజినీర్ అయ్యాడు. 2020లో సిల్వర్‌స్టోన్‌లో లూయిస్ హామిల్టన్ గెలిచినప్పుడు టీమ్ తరఫున పోడియం ఎక్కి ట్రోఫీ అందుకున్నది అతనే. విల్నెవ్ మొదటి ఎఫ్1 రేసు నడిపింది కూడా అదే సిల్వర్‌స్టోన్‌లో. 1982లో మాటలు ఆగిపోయిన ఇద్దరి పేర్లూ ఆ రోజు ఆ పోడియం మీద ఒకే మనిషిలో నిలబడ్డాయి.